ఎవరూ కూర్చోని జంపఖానా

సలహాలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా డాక్టరుకు కూడా ఈ సంగతి తెలుసు. మందు చీటీ రాసి ఊరుకుంటాడు గాని ఉప్పు తగ్గించమని నా మొహం మీద అనడు, కోడలితో చెప్పి పంపుతాడు. ఈ మంట నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం, ఒక పెద్ద ఆఫీసరు వరంగల్ విడిచి పోతూ పోతూ మా ఇంటికి అంటించి పోయాడు.

అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. నాయిన, అవ్వ, అన్న, నేను. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. వెడల్పు జంపఖానా ఒక్కరితో అయ్యే పని కాదు, మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమ పక్క నాయిన, కుడి పక్క అన్న. నూలు చుట్టడం అవ్వది, నాది. అన్న ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాడు. తెలుగు అక్షరాలు వాడకట్టులో ఎవరి దగ్గరో నేర్చుకుని, పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చోబెట్టి నాకూ నేర్పాడు. ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది మా ఇద్దరికే.

ఆ మాఘమాసంలో అన్న నాలుగు జంపఖానాలు భుజాన వేసుకుని తొర్రూరు అంగడికి పోయాడు. మూడు అమ్మాడు. మిగిలినదానితో పాటు, అక్కడ అద్దించిన ఎర్ర నూలు మూటగట్టుకుని వస్తుంటే దారిలో పోలీసులు పట్టుకున్నారు. పల్లెపల్లెనా కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న రోజులవి. ఎర్ర నూలు ఎందుకురా, జెండాలకా అని అడిగారట. జంపఖానా అంచుకు అని మావాడు చెప్పాడట. ఇంత నూలు అంచుకా అని ఇంకో రెండు తగిలించారట. అంచు ఎంత నూలు తాగుతుందో లాఠీ పట్టుకున్నవాడికి ఎట్లా తెలుస్తుంది! అట్లా మా అన్న జైలుకు పోయాడు. కేసు లేదు, విచారణ లేదు. వారానికోసారి అవ్వ జైలు గేటు దాకా జొన్నరొట్టె పట్టుకుపోయేది. ఒక్కోసారి లోపలికి పంపేవాళ్ళు, ఒక్కోసారి అక్కడి జవానే తినేవాడు.

విడిచిపెట్టే కాగితం మీద జిల్లాకంతటికీ పెద్ద అయిన ఆఫీసరు సంతకం చేయాలి. ఆయన పోలీస్ యాక్షన్ తర్వాత కృష్ణ అవతలి నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని నేననను. లంచం ముట్టడని పేరు, ముసలివాళ్ళు ఎదురైతే జీపు ఆపించేవాడు. ఆయనకున్నది ఒక్కటే జబ్బు, ఉపన్యాసం. బావి తవ్వితే ఉపన్యాసం, మురికినీటి మోరీ కడితే ఉపన్యాసం. "మన దేశం పసిబిడ్డ, మొన్ననే కళ్ళు తెరిచింది" అని మొదలుపెట్టేవాడు. ఆ పసిబిడ్డ ఎట్లా నడవాలో, ఎట్లా తినాలో, ఎట్లా తుమ్మాలో కూడా చెప్పేవాడు. మాకు సగం అర్థమయ్యేది కాదు, ఆయన తెలుగు అట్లా ఉండేది.

ఆయనకు బదిలీ అయిందని వైశాఖంలో తెలిసింది. సాగనంపే సభ కోసం మా వాడకట్టు వకీలు ఒక కమిటీ పెట్టాడు. కమిటీ అంటే ఆయనా, ఆయన కోటూ. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, ఆ వకీలు నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, గీ పని నువ్వు తప్ప ఇంకెవ్వలు చెయ్యలేరు," అన్నాడు నాయినతో. "దొర పోయేముందు మన దేశానికి నాలుగు మంచి మాటలు చెప్పి పోతాండు. అవ్వి జంపఖానా మీద నేసి, సభల పరిచి, ఆయనకే ఇద్దాం. ఖుషీ అయితడు. ఆ ఖుషీల మనోని కాయితం ముందట పెడ్త. ఆడ్నే దస్తఖత్ చేపిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

"కాయితం ఇప్పుడు ఏడున్నది?" అని అవ్వ తలుపు చాటు నుంచి అడిగింది.

"కింది ఆఫీసులల్ల తిరుగుతాంది అక్కా. సభ నాటికి దొర బల్ల మీదికి అస్తది."

నాయిన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు! కమిటీ తెల్ల నూలు తెచ్చి పడేసింది. అక్షరాలకు ఎర్ర నూలు బాగుంటుందని వకీలు అంటే, నాయిన ఆయన వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నీలం నూలు అద్దించారు.

మర్నాడు ఆఫీసరు దగ్గర నుంచి మంచి మాటలు వచ్చాయి. నాలుగు కాదు, పన్నెండు. మూడు కాగితాల నిండా రాసి పంపాడు. నేను చదువుతుంటే నాయిన, అవ్వ విన్నారు. వరుసలో నిలబడాలి, నీళ్ళు కాచి తాగాలి, పాత పగలు మరిచిపోవాలి, మాటల్లో ఉర్దూ తగ్గించి మంచి తెలుగు మాట్లాడాలి. అక్కడికి రాగానే నాయిన "జర మళ్ళ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. అన్న పోయిన తర్వాత మొదటిసారి నాయిన నవ్వడం చూశాను.

"గివన్ని నెయ్యాలంటే జంపఖానా హన్మకొండ దాకా పరవాలె. ఒక్క ముక్క జెప్పుమను," అన్నాడు.

ఆ ఒక్క ముక్క ఏరుకోవడానికి ఆఫీసరుకు నాలుగు రోజులు పట్టింది. మగ్గం మీద పడుగు ఎక్కించుకుని నాలుగు రోజులు మేం దాని మొహం చూస్తూ కూర్చున్నాం. అయిదో రోజు వకీలు చీటీ తెచ్చాడు. "ఓపికే దేశానికి బలం." తొమ్మిది అక్షరాలు.

తొమ్మిదే గదా అనుకోకండి. జంపఖానా మీద పేక నూలును చేత్తో ఒక్కో పోగు దూర్చి, ఇనుప పంజాతో కొట్టి కూర్చాలి. దానికి గళ్ళు ఇష్టం, మూలలు ఇష్టం. తెలుగు అక్షరానికి మూల ఎక్కడుంది? అంతా గుండ్రమే. నేను గోడ మీద బొగ్గుతో గళ్ళు గీసి, ఒక్కో అక్షరాన్ని మెట్లు మెట్లుగా విరిచి పెద్దగా రాస్తే, నాయిన ఆ గళ్ళు లెక్కపెట్టుకుని నేసేవాడు. "ఓ" దగ్గరే మూడుసార్లు విప్పారు. "గీ అక్షరాలు రాసినోడు మగ్గం మొఖం చూడలే," అని నాయిన విసుక్కునేవాడు.

అన్న కూర్చునే చోట ఎవరు కూర్చోవాలి? పక్కింటివాళ్ళకు ఎవరి పని వాళ్ళకుంది. ఆడవాళ్ళు మగ్గం గుంటలోకి దిగడం మా ఇళ్ళల్లో లేదు. అవ్వ దిగింది. వాడకట్టు ఆడవాళ్ళు రెండు రోజులు కిటికీ దగ్గర మూతులు తిప్పి, తర్వాత ఊరుకున్నారు. మూడు వారాలు ఆమె నాయిన పక్కన కూర్చుని నేసింది. ఎండాకాలం, గుంటలో గాలి ఆడదు. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోతే పసుపు నూనె రాసుకుని మళ్ళీ కూర్చునేది. పోగు దూర్చి, తలెత్తి గోడ చూసి, "గిదేం అక్షరమే?" అని అడిగేది.

"కే."

"ఇంకెన్నున్నయి?"

"ఆరు."

"జల్ది జల్ది చెప్పు. సభకు తక్కువ పడొద్దు."

తక్కువ పడలేదు. తొమ్మిదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. మూడు మాటలు మూడు వరుసలుగా, అంచు నుంచి అంచు దాకా అక్షరాలే. మగ్గం మీద నుంచి కోసి దించిన రోజు నాయిన దాన్ని చుట్టచుట్టి, కళ్ళకద్దుకుని మరీ బండి మీద పెట్టాడు. ఎందుకు కళ్ళకద్దుకున్నావు నాయినా అని నేనన్నా అడిగి ఉంటే, ఆ పూటే సంగతి తేలిపోయేది. అడగలేదు.

సభ బడి ఆవరణలో. సాయంత్రం నాలుగయినా ఎండ తగ్గలేదు. తాటాకు పందిరి కింద వేదిక, ఆఫీసరుకు కుర్చీ. వేదిక ముందు నేల మీద మా జంపఖానా, దొర కూర్చుని చదువుకునే తీరుగా పరిచారు. దాని మీద వాడకట్టు పెద్దలు, నలుగురు వ్యాపారులు కూర్చోవాలి. ఆడవాళ్ళం ఇటు చివర, వేదికకు ఎదురుగా నిలబడ్డాం. అవ్వ కొంగులో అర్జీ ఉంది. కాగితం ఆఫీసులో ఎక్కడున్నదో ఏమో, చేతిలో ఒకటి ఉంటే మంచిదని రాయించింది.

కులపెద్ద మొదట వచ్చాడు. డెబ్భై ఏళ్ళవాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, జంపఖానా అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. వంగి అంచు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి పక్కకు నిలబడ్డాడు. ఆయన వెనక వచ్చినవాళ్ళూ అదే పని చేశారు. అప్పుడు గాని మాకు బుర్ర వెలగలేదు. కాగితం ముక్కకు కాలు తగిలితే కళ్ళకద్దుకునే జనం, అక్షరాల మీద ఎట్లా కూర్చుంటారు! మూడు వారాలు నేసినవాళ్ళకు తోచలేదు, రాసిచ్చిన నాకు తోచలేదు, కోటు వేసుకున్న వకీలుకు అసలే తోచలేదు.

"కూసోండ్రి పెద్దమనుషులూ, దొర అస్తాండు!" అని వకీలు చేతులు తిప్పుతున్నాడు.

"సదువుల తల్లి మీద కూసోమంటవా వకీలు సాబ్?" అన్నాడు కులపెద్ద. "నువ్వు కూసో. మేం చూస్తం."

వకీలు కూర్చోలేదు. ఆయన్నీ ఒక తల్లే కన్నది, అక్షరం తొక్కొద్దని చెప్పే పెంచింది. ఒక నిమిషం బుర్ర గోక్కుని, "తిరగేయుండ్రి, అక్షరాలు కిందికి పోతయి!" అన్నాడు. జంపఖానా నేసే వాడకట్టులో ఉండి ఆ మాట అన్నాడు! జంపఖానాకు లోపలి మొహం, బయటి మొహం ఉండవు, రెండు దిక్కులా ఒకటే. నలుగురు పట్టుకుని తిరగేశారు. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి కనబడ్డాయి. అవీ అక్షరాలే గదా. జనం అంచు దగ్గరే ఉన్నారు. జీపు చప్పుడు వినబడగానే ఉరుకులు పరుగుల మీద మళ్ళీ సరిగ్గా పరిచారు.

ఆఫీసరు దిగి చూస్తే ఏముంది! నడుమ ఖాళీ జంపఖానా, మూడు దిక్కులా మనుషులు ఎండలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన మాటలను తొక్కలేక నిలబడ్డారని వకీలు చెవిలో చెప్పాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ ఆనందంలో పన్నెండు హితవులూ చెప్పాడు. చెప్పినవాటికి కథలు చెప్పాడు. పసిబిడ్డను రెండుసార్లు నడిపించాడు. నా పక్కన ఒక ముసలామెకు కళ్ళు తిరిగితే నీడకు తీసుకుపోయారు. నీళ్ళు కాచి తాగాలని అప్పుడే ఆయన చెబుతున్నాడు.

అవ్వ మాత్రం ఒక్క మాట వినలేదు. ఆయన చేతులనే చూస్తూ ఉంది. జేబులో పెన్ను ఉందని నాకు వేలితో చూపించింది.

ఉపన్యాసం అయిపోయింది. దండలు వేశారు. వకీలు కాగితం మాట ఎత్తుతాడని మేం చూస్తున్నాం. ఆయన దండల లెక్కలో పడ్డాడు. రైలుకు వేళయిందని ఎవరో అన్నారు. ఆఫీసరు లేచి వేదిక దిగుతున్నాడు. మేం ఇటు చివర ఉన్నాం, రెండు పక్కలా మగవాళ్ళు గోడ కట్టినట్టు నిలబడ్డారు. సందు లేదు.

అవ్వ నా చెయ్యి వదిలింది. జంపఖానా మీద కాలు పెట్టింది.

"ఏయ్, అక్షరాలు తొక్కుతున్నవే!" అని నాయిన అరిచాడు.

ఆమె ఆగలేదు. "ఓపికే" మీద నడిచింది, "దేశానికి" మీద నడిచింది, "బలం" మీద నుంచి దిగి ఆఫీసరు ముందుకు పోయి నిలబడింది. నేను కూడా ఆమె వెనకే నడిచానని అవతల దిగిన తర్వాత తెలిసింది. ఒక దిక్కు పాపం తగులుతుందని భయం, ఇంకో దిక్కు సంతోషం. రెండూ ఒక్కసారే ఉన్నాయి.

"నా కొడుకు కాయితం దొరా," అని అర్జీ చాపింది.

ఆయన తీసుకున్నాడు, నిలబడే మొత్తం చదివాడు. మొహం మెత్తబడింది. జేబులో నుంచి పెన్ను తీశాడు. మూత తిప్పాడు. మళ్ళీ పెట్టేశాడు.

"అమ్మా, నేను పొద్దున పదిగంటలకే చార్జి అప్పగించేశాను. ఇప్పుడు నేను సంతకం పెట్టినా చెల్లదు. కొత్తాయన వచ్చారు, ఆయన చూస్తారు. కాస్త ఓపిక పట్టండి."

రైలెక్కేదాకా ఆఫీసరు ఆఫీసరేనని మేమంతా అనుకున్నాం. వకీలు కూడా అట్లాగే అనుకున్నానని తర్వాత ఒట్టు పెట్టుకున్నాడు.

అవ్వ అర్జీ వెనక్కి తీసుకుంది. ప్రతి మాట చివరా దొరా అనే మనిషి, ఈసారి అనలేదు.

"దస్తఖత్ చెల్లదంటివి. మరి ఇంతసేపు జెప్పిన మాట ఎట్ల చెల్లుతది?"

ఆయన గడియారం చూసుకుని జీపెక్కాడు. జంపఖానాను చుట్టి వెనక పడేశారు. రైల్లో ఆయనతో పాటే పోయింది. దాని మీద ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

రెండు రోజుల తర్వాత అవ్వ, నేను ఆఫీసరు కచ్చీరుకు పోయాం. వకీలు వస్తానన్నాడు, అవ్వ వద్దంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడ్డాం. కొత్త ఆఫీసరు బక్కమనిషి, చెమటకు చొక్కా అంటుకుపోయి ఉంది. ఆయనకు తెలుగు రాదు, హిందీలో రెండు మాటలు అడిగి గుమాస్తాను ఫైలు తెమ్మన్నాడు. వాళ్ళు కింది బల్లల్లో వెతుకుతారని నేననుకున్నాను. గుమాస్తా ఆ గదిలోనే, పాత ఆఫీసరు బల్ల మీద నుంచి తీసిచ్చాడు.

ఫైలు విప్పితే పైన ఏవో తెలుగు కాగితాలు. ఇదేమిటని కొత్తాయన నన్ను అడిగాడు. చూశాను. పన్నెండు హితవులు. కొట్టివేతలు, దిద్దుబాట్లు. "సహనమే" అని రాసి కొట్టేసి, "శాంతమే" అని రాసి కొట్టేసి, "ఓపికే" అని రాసి దాని కింద రెండు గీతలు గీశాడు. వాటి కింద అన్న విడుదల కాగితం ఉంది. కింది ఆఫీసుల సంతకాలన్నీ ఉన్నాయి. ఒక్క చోటే ఖాళీ.

"ఇది గీ బల్ల మీదికి ఎప్పుడచ్చింది?" అని గుమాస్తాను అడిగాను. నాకంత ధైర్యం ఎట్లా వచ్చిందో!

అతను వెనక ముద్ర చూసి తేదీ చెప్పాడు. వకీలు మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజుకు రెండు రోజుల ముందు. "దొరగారికి కాగితాల కింద అట్ట ఉంటే గాని రాయబుద్ధయ్యేది కాదు. ఈ ఫైలు అట్ట గట్టిది," అన్నాడు, అదేదో మంచి సంగతి అయినట్టు.

కొత్త ఆఫీసరు సంతకం చేశాడు. అర నిమిషం పట్టింది. ఒక్క సలహా చెప్పలేదు.

బయటికి వచ్చాక, తేదీ సంగతేమిటని అవ్వ అడిగింది. చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. మనం పడుగు ఎక్కించకముందే కాయితం అక్కడున్నదవ్వా, సంతకం అయ్యుంటే అన్న వచ్చి తన చోట తనే కూర్చునేవాడు అన్నాను. ఆమె తన వేళ్ళ సందులు చూసుకుంది. ఆఫీసరును ఒక్క తిట్టు తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది.

నాలుగో రోజు అన్నను విడిచిపెట్టారు. నాయిన, అవ్వ, నేను జైలు గేటు దగ్గర నిలబడ్డాం. సన్నబడి, గుండు మీద గాయం మానిన మచ్చతో, తీసుకుపోయిన నాటి చొక్కాతోనే బయటికి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. అవ్వ ఎదురు పోయి, రెండు చేతులతో వాడి చొక్కా పట్టుకుని గుంజింది.

"ఇంత సేపారా? ఇంత సేపా? ఇంట్ల పని లేదనుకున్నవా? మగ్గం మీద ఎవ్వలు కూసోవాలెరా? అడిగినప్పుడు రాకపోతివి, పిలిచినప్పుడు రాకపోతివి, ఎన్నొద్దులు జూడాలెరా నీ కోసం?"

"నేనేం జేసిన్నే అవ్వా," అన్నాడు అన్న, బిత్తరపోయి.

ఆమె ఇంకా తిడుతూనే ఉంది. ఆఫీసరుకు, వకీలుకు, గుమాస్తాకు చెందాల్సినవన్నీ వాడి మొహం మీదే పోసింది. నాయిన చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. తిట్టి తిట్టి గొంతు పోయిన తర్వాత ఆ రోడ్డు మీదే కూలబడి, ఇన్ని నెలలకు మొదటిసారి, వాడి రెండు కాళ్ళూ పట్టుకుని గట్టిగా ఏడ్చింది.